మొదటి నుంచి చివరిదాకా ఒకే చెయ్యి

పోయిన నెలలో ఒక శనివారం ఉదయం మా గిటార్ మేష్ట్రు చనిపోయారు. ఆయన భార్య ఫోన్ చేసేసరికి నేను వంటింట్లో దోసె తిరగేస్తున్నాను. "మీ మేష్ట్రు పోయినారు పాపా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్నారు, అట్లే ఒరిగిపోయినారు" అంది ఆవిడ. గొంతులో ఏడుపు లేదు. స్టవ్ కట్టేయాలన్న సంగతి నాకు తోచలేదు. మాడు వాసన చూసి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

మేష్ట్రు గురించి పేపర్లో ఎవరూ రాయరు. ఈ ఊరి పాత బజారు బళేపేటలో వాళ్ళది తరతరాల గాజుల అంగడి. తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అంగడి తమ్ముడికి వదిలేసి, ఈయన ముప్పై ఏళ్ళకు పైగా పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించారు. ఆర్కెస్ట్రాలకు పిలుపులు తగ్గాక, అంగడి పైన ఉన్న గదిలో నలుగురైదుగురికి పాఠం చెప్పేవారు. ఆ నలుగురైదుగురిలో నేనొకదాన్ని. గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఊరికి ఇంకో చివర కుందలహళ్ళిలో కాపురం పెట్టిన నేను, ముప్పై నాలుగో ఏట గిటార్ పట్టుకుని ఆ ఇరుకు మెట్లెక్కాను.

మొదటి నెలంతా ఒక్క తీగ మీదే గడిచింది. అదే తీగ, అదే చోట, అదే బలంతో మీటాలి. నాకు విసుగొచ్చి, "సార్, పాట ఎప్పుడు మొదలుపెడతాం?" అని అడిగాను.

"నిన్న ఎట్ల వాయించినావో ఈపొద్దు అట్లే వాయించు. అది వస్తే పాట దానంతట అదే వస్తాది" అన్నారు. ఆయన అలా అనేటప్పుడు గడ్డం కింద గోక్కునేవారు. పాఠం మధ్యలో ఎవరైనా తప్పు మీటితే కోప్పడకుండా కిటికీలోంచి వీధిలోకి చూసేవారు. ఆ చూపు కోపం కంటే ఎక్కువగా పనిచేసేది.

రికార్డింగ్ ఆలోచన నాది కాదు, ఆయన భార్యది. ఒక రోజు పాఠం అయ్యాక మాకు మజ్జిగ ఇస్తూ ఆవిడ, "ఇన్నేండ్లు వాయించినాడు. ఇంట్లో వీళ్ళ నాయన ఫోటో ఉండాది, అత్త ఫోటో ఉండాది, ఈయన పాట మాత్రం ఒక్క క్యాసెట్టు లేదు" అంది. మేష్ట్రు వినపడనట్టు గిటార్ తుడుచుకుంటున్నారు. ఆయన సొంతంగా కట్టిన బాణీలు మూడున్నాయని నాకప్పుడే తెలిసింది. మా ఇంట్లో రెండో పడగ్గది ఖాళీగా ఉంది. నా దగ్గర ఒక చిన్న యాంప్లిఫయర్, ఒక మైకు, కంప్యూటర్ ఉన్నాయి. "ఆదివారాలు మా ఇంటికి రండి సార్" అన్నాను.

ఆయన రెండు బస్సులు మారి వచ్చేవారు. గిటార్‌కు ఆయన భార్య పాత పట్టుచీర చింపి కుట్టిన గలీబు. మొదటి ఆదివారం మొదటి బాణీలో సగం రికార్డు చేశాం. మెత్తగా, కాస్త మసకగా, దగ్గర కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది ఆ నాదం. గిటార్ మా ఇంట్లోనే వదిలి వెళ్ళారు. రెండు వారాల తరువాత మిగతా సగం చేయాలనుకున్నాం.

ఈలోగా నేనొక పని చేశాను. ఆయన గిటార్ తీగలు నల్లబడి, అక్కడక్కడా తుప్పు పట్టి ఉన్నాయి. ఆయనకు చెప్పకుండా మంచి కొత్త తీగలు కొని వేశాను. చూసి సంతోషిస్తారనుకున్నాను.

ఆయన చూశారు. కూర్చుని మిగతా సగం వాయించారు. రెండు సగాలూ కలిపి వినిపించాను. కలిపిన చోట నాకే కాదు, గదిలో ఆడుకుంటున్న మా అమ్మాయికి కూడా తెలిసిపోయింది. అప్పటిదాకా పక్కన కూర్చుని మాట్లాడుతున్న గొంతు ఒక్కసారిగా స్టీలు పళ్ళెం మీద చెంచాతో కొట్టినట్టయింది.

"పాత తీగలు యాడ పెట్నావమ్మా?" అని అడిగారు.

"పారేశాను సార్. చెత్త బండి వాడు తీసుకుపోయాడు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

"సాఫ్ట్‌వేర్‌లో అడ్జస్ట్ చేస్తాను సార్. రెండూ మ్యాచ్ అయిపోతాయి" అని, ఆయన కూర్చుని ఉండగానే గంటసేపు ప్రయత్నించాను. పదును తగ్గిస్తే ప్రాణం పోయింది. ప్రాణం తెస్తే పదును వచ్చింది. ఇంట్లో కూర్చుని ముక్కలు ముక్కలుగా పాట రికార్డు చేసుకునేవాళ్ళు మీలో ఉంటే, ఈ బాధ మీకు చెప్పక్కర్లేదు. చివరికి మేష్ట్రు నా చెయ్యి మౌస్ మీద నుంచి తీసి పక్కన పెట్టారు.

"కొత్త తీగకు దినానికొక గొంతు. ఈపొద్దు ఒకటి, వచ్చే ఆదివారం ఇంకొకటి. అవి పాతబడేదాకా వాయిస్తా. అప్పటిదాకా ఇది ముట్టుకోవద్దు" అని గిటార్ గలీబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మూడు వారాలు ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ తీగలు వాయించారు. ఆయన భార్య ఫోన్ చేసి, "ఏం చేసినావు పాపా, ఈయన అన్నానికి కూడా లేస్తా లేడు. కింద మా మరిది అంగట్లో గిరాకీలు అడుగుతాండారు, పైన ఏమన్నా పెండ్లా అని" అంది. నాకు సిగ్గేసింది. కానీ ఆవిడ నవ్వుతూనే చెప్పింది.

ఆ మూడు వారాల్లో ఒక సాయంత్రం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఇంత పట్టుదల ఎందుకని అడిగాను. ఆయన వేళ్ళు ఆపకుండానే చెప్పారు.

"ముప్పై ఏండ్లు వాయించినా కదా. ఒక దినం మల్లేశ్వరం హాలు, ఒక దినం దొడ్డబళ్ళాపురం షామియానా. వాళ్ళ స్పీకరు, వాళ్ళ వైరు, వాళ్ళు ఎట్ల పెడితే అట్ల. ఒక దినం వినిపించిన గొంతు మర్నాడు ఉండదు. నాది అనేది ఏదో నాకే తెలీకుండా పోయినాది. ఒక్కసారన్నా మొదటి నుంచి చివరిదాకా ఒకే మాదిరి వినాలని ఉండాది."

ఇంతకంటే ఎక్కువ ఆయన తన గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

తీగలు పాతబడ్డాక మళ్ళీ వచ్చారు. అప్పటికీ ఏదో తేడా. ఈసారి కారణం ఆయనే కనిపెట్టారు. ఉతకడానికని నేను కిటికీ పరదా తీసేశాను. గది గోడలు గణగణమంటున్నాయి. పరదా ఇంకా తడిగానే ఉంటే, మా మంచం మీది దుప్పటి తెచ్చి కట్టాం. కుర్చీ జరిగిందని వెనక్కి లాగాం. మైకుకీ యాంప్లిఫయర్ స్పీకరుకీ మధ్య జానెడు దూరం ఉందో లేదో ఆయన తన చేతితోనే కొలిచారు. అన్నీ కుదిరాక వాయించారు. కలిపి విన్నాం. అతుకు ఎక్కడుందో తెలిసిన నాకే దొరకలేదు. ఆయన కళ్ళు మూసుకుని రెండుసార్లు విని, "పుస్తకం తే" అన్నారు.

"చెవికి గుర్తుండదమ్మా, మోసం చేస్తాది. రాసి పెట్టు."

మా అమ్మాయి గీతల నోట్‌బుక్కు ఒకటి తెచ్చి రాశాను. యాంప్లిఫయర్ మీద తిప్పే బిరడాల్లో ఏది గడియారం ముల్లులా ఎన్ని గంటల మీద ఉందో, గిటార్ మీద వాల్యూమ్ ఎంతవరకు తిప్పారో, మీటే పిక్కు ఎంత మందమో, తీగను ఎక్కడ మీటారో, పరదా, కుర్చీ, ఆఖరికి ఫ్యాను ఆపి ఉందన్న సంగతీ. కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీశాం. ఇల్లు తుడిచే అక్కకు ఆ గీతలు చెరపొద్దని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఆ పుస్తకం ఉంటే ఎన్ని వారాల తరువాత కూర్చున్నా పది నిమిషాల్లో అదే గొంతు దొరికేది. అలా రెండు బాణీలు పూర్తయ్యాయి. మూడోది సగం దాకా వచ్చింది.

అప్పుడు ఆయనకు జబ్బు చేసింది. ఒక పొద్దున కుడి చెయ్యి, కాలు స్వాధీనం తప్పాయి. ఆసుపత్రిలో కొన్నాళ్ళు, ఇంట్లో కొన్నాళ్ళు. మంచం మీద కూడా పిడికిట్లో మెత్తటి బంతి నొక్కుతూనే ఉండేవారు. రెండు నెలల తరువాత ఆయనే ఫోన్ చేసి, "గీతలు ఉండాయా, తుడిచేసినారా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. ఈసారి మా ఆయన కారులో వెళ్ళి తీసుకొచ్చాడు.

పుస్తకం చూసి ఒక్కొక్కటీ సరిచేశాను. ఆయన మిగతా సగం వాయించారు. పిక్ రెండుసార్లు జారిపడింది, తీసి ఇచ్చాను. విన్నాం. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, గొంతు మాత్రం వేరే. దూరంగా, కాస్త వణుకుతో, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నట్టుగా ఉంది. నేను మైకు దగ్గరకి జరపబోయాను.

"వద్దు. పుస్తకంలో అన్నీ సరిగ్గానే ఉండాయి. చెయ్యి మారినాది" అన్నారు. తన కుడిచేతి వైపు చూసుకుని, "పాత సగం తీసేయ్. ఇది మొదటి నుంచి మళ్ళీ వాయిస్తా" అన్నారు.

నేను ఆయనకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. "సార్, ఆ సగం చాలా బాగా వచ్చింది. మళ్ళీ అలా రాదు. ప్లీజ్ సార్, దాన్ని ఉంచుదాం."

"బాగుండాది, నాకూ తెలుసు. కానీ పాట సగంలో మనిషికి రోగం వచ్చినట్టు వినపడకూడదమ్మా. వినేవాళ్ళకు ఏంటికి అది? ఈ చేత్తోనే అంతా వాయిస్తా."

నాలుగు ఆదివారాలు పట్టింది. ఒక్కో ఆదివారం రెండు మూడు వరుసల కంటే ఎక్కువ వాయించలేకపోయేవారు. వాయించిన చేతిని ఎడమచేత్తో ఒళ్ళో పెట్టుకుని, నేను వినిపించేదాకా ఎదురుచూసేవారు. మందు వేసుకున్నాక ఎంతసేపటికి చెయ్యి ఎలా ఉంటుందో కూడా పుస్తకంలో రాయించారు. ప్రతి ఆదివారం అదే వేళకు మొదలుపెట్టేవాళ్ళం. ఆ బలహీనమైన నాదాన్ని కూడా వారం తరువాత వారం అలాగే రాబట్టారు. ఆఖరి స్వరం అయ్యాక అడిగారు: "పాతది తీసేసినావా?"

"తీసేశాను సార్" అన్నాను. అబద్ధం. తీసేయడానికి నాకు చేతులు రాలేదు.

అది జరిగిన మూడు వారాలకే ఫోన్ వచ్చింది.

కర్మలన్నీ అయ్యాక మూడు బాణీలూ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని బళేపేట వెళ్ళాను. మెట్లెక్కుతున్నంతసేపూ ఆ అబద్ధమే మనసులో ఉంది. ఆవిడతో చెప్పేశాను. మేష్ట్రు వద్దన్న సగం నా దగ్గరే ఉందని, ఆయనకు మాత్రం తీసేశానని చెప్పానని, ఇప్పుడు ఏం చేయాలో మీరే చెప్పాలని. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను.

"రెండూ వినిపించు" అంది.

ముందు పాత సగం వినిపించాను. తరువాత ఆ నాలుగు ఆదివారాల పాట మొత్తం. ఆవిడ కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుతూ వింది.

"ఈ రెండోదే ఉంచు, ఆయన చెప్పినట్టే. మొదటిది పారేయొద్దు. అది నాకియ్యి. ఇద్దరూ నాకు తెలిసినోళ్ళే" అంది.

అప్పుడు ఏడ్చాను. ఆవిడ నా వీపు నిమిరి, మళ్ళీ వినాలని అడిగింది. మధ్యాహ్నం వీధి బాగా రద్దీగా ఉంది. హారన్ల మోతలో చిన్న స్వరాలు వినపడవని నా హెడ్‌ఫోన్స్ ఆవిడ చెవులకు పెట్టాను. జడ ముడి అడ్డొస్తే కొంచెం పైకి జరిపాను. పాట మొదలైంది. నాకిప్పుడేమీ వినపడదు, ఆవిడ ముఖం చూడడమే.

కాసేపటికి ఆవిడ పాడడం మొదలుపెట్టింది. మాటలు లేవు, ఉత్త రాగం. ఆవిడ పాడగా నేనెప్పుడూ వినలేదు. చెవులు మూసుకుని ఉన్నాయి కాబట్టి తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆవిడకు తెలియదు. శ్రుతి అక్కడక్కడా తప్పుతోంది, బాణీ మాత్రం ఎక్కడా తప్పడం లేదు. మెట్ల మీద నుంచి కిందికి తొంగిచూశాను. అంగట్లో ఆవిడ మరిది ఒకామె చేతికి గాజులు ఎక్కిస్తూ మధ్యలో ఆగిపోయాడు. ఆమె చెయ్యి అలాగే చాపి ఉంది. ఇద్దరూ తలెత్తి పైకి చూస్తున్నారు.