జీవరాజు మధ్యగోడ

రెండడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, నాలుగంగుళాల మందం ఉన్న సిమెంటు పలకని జీవరాజు, అతని భార్య సువార్తమ్మ చెరో పక్క పట్టుకుని ఎత్తేసేవారు. మామూలు కాంక్రీటైతే ఆ పలకకి నలుగురు మగాళ్ళు కావాలి. భీమవరం బైపాసు పక్కన వాళ్ళు పనిచేసే యార్డు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు సైకిలాపి మరీ చూసేవారు. "లోపల ఊకేమైనా కూరారేంటండీ?" అని నవ్వేవారు. జీవరాజుకి ఆ నవ్వంటే కోపం లేదు. చూస్తున్నారు కదా, అదే చాలనుకునేవాడు.

అతను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, గీతలు గీసే ఉద్యోగం దొరక్క, నూతి ఒరలు పోసే యార్డులో మేస్త్రీగా కుదిరాడు. కాపరం నాలుగు గదుల వరసింట్లో. తొంభైమూడు వానల్లో వాళ్ళ గదికీ పక్కవాళ్ళ గదికీ మధ్యనున్న ఇటుక గోడ కిందికి దిగి, బొర్ర పోసి, ఒక మధ్యాహ్నం సువార్తమ్మ కాలి మీద పడింది. ఎముక అతికింది గాని నడకలో ఈడ్పు ఉండిపోయింది. ఆ వాడంతా చెరువు పూడ్చి వేసిన ప్లాట్లే. పైన గట్టిగా కనబడుతుంది, నాలుగడుగులు తవ్వితే పెరుగులాంటి మట్టి. అలాంటి నేల మీద బరువైన గోడ ఎక్కించడమే తప్పని జీవరాజుకి ఆ రోజు ఆసుపత్రి వరండాలో తట్టింది. రెండు కుటుంబాల మధ్య నిలబడాల్సిన గోడ తేలిగ్గా ఉండాలి, పక్కింటి మాట ఇటు రానీయకూడదు, పక్కింటి మంట ఇటు పాకనీయకూడదు. ఈ మూడూ కలిసిన గోడ తను చెయ్యాలి.

చెప్పినంత తేలిగ్గా అవలేదు. మొదట సిమెంటులో రైసుమిల్లు బూడిద కలిపాడు. బరువు తగ్గింది గాని పలక ఆరకముందే విరిగింది. తర్వాత కుంకుడు రసం గిలక్కొట్టి ఆ నురగ కలిపాడు. నురగ గంటలో చచ్చిపోయి పలక సగానికి దిగిపోయేది. "తలంటుకోడానికి తెచ్చిన కుంకుళ్ళన్నీ గోడకి పోశారు, పండక్కి నేను బూడిదతో తోముకోవాలా?" అనేది సువార్తమ్మ. అంటూనే మళ్ళీ కుంకుళ్ళు కొట్టి ఇచ్చేది. ఆరేళ్ళు అలా గడిచాయి. ఆదివారం గుడికి వెళ్ళినా పాటల పుస్తకం వెనక అట్ట మీద పాళ్ళు రాసుకునేవాడు.

చివరికి దారి చూపించింది రొయ్యలే. ఎగుమతి షెడ్ల వెనక విరిగిన థర్మోకోల్ పెట్టెలు గుట్టలు పడి ఉండేవి. వాటిని తెచ్చి, సోడా నీళ్ళలో కడిగి, పూసలుగా తురిమి సిమెంటులో కలిపాడు. రెండు వైపులా కోళ్ళ గూళ్ళకి కట్టే సన్న తీగ జాలీ పరిచాడు. ఒక పలక అంచున గాడి, పక్క పలక అంచున నాలుక, ఒకదాన్లో ఒకటి కూర్చునేలా అచ్చు గీశాడు. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేసే అబ్రహాముగారు, గుడి పరిచయం కొద్దీ, మధ్యాహ్నం భోజనాల వేళ మిషను మీద దిమ్మలు పెట్టి నొక్కి చూసేవారు. ఎన్నోసారో లెక్కలేదు, ఒకరోజు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "జీవరాజూ, ఇది నిలబడుతుందయ్యా," అన్నారు. ఆ సాయంత్రం జీవరాజు ఇంటికొచ్చి చెప్పలేక గడపలో కూర్చుండిపోతే, ఏదో చెడ్డ కబురనుకుని సువార్తమ్మ ఏడుపు లంకించుకుంది.

నిలబడే గోడ దొరికింది గాని పెట్టించుకునేవాళ్ళు దొరకలేదు. ఇంజనీర్లు సర్టిఫికెట్ అడిగారు. మేస్త్రీలు, "మా పొట్ట కొట్టడానికొచ్చావా?" అన్నారు. మూడేళ్ళు తిరిగాక ఉద్యోగుల హౌసింగ్ సొసైటీ ప్రెసిడెంటు తాతాజీగారు కబురు పెట్టారు. ఆయన హైస్కూల్లో హెడ్ క్లర్కు, నిదానస్తుడు. సొసైటీ కొన్నది కూడా పూడ్చిన చెరువే. జంట ఇళ్ళు, ఇరవై నాలుగు కట్టాలి.

"ముందు రెండు జంటలు నీ గోడతో కట్టిద్దాం," అన్నారు తాతాజీగారు. "ఒక ఇంట్లో నువ్వే కాపరం ఉండు. ఏడాది చూస్తాం. బావుంటే మిగతావన్నీ నీకే."

ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు మోకరించి ఎంతసేపు ప్రార్థన చేశారో వాళ్ళకే తెలీదు.

రెండువేల రెండు దసరాకి ఒకటో నంబరులో జీవరాజు దిగాడు. మధ్యగోడకి అవతల, రెండో నంబరులో, రొయ్యల మేతల కంపెనీలో సేల్సు చూసే మురళీకృష్ణ, అతని భార్య దుర్గాశ్రీ, పక్షవాతంతో మంచం పట్టిన అతని తల్లి పెద్దింట్లమ్మ. మురళీకృష్ణ నెలలో ఇరవై రోజులు చెరువుల మీదే తిరిగేవాడు. దుర్గాశ్రీకి పాతికేళ్ళుంటాయి. జీవరాజుని అన్నయ్యగారూ అని, సువార్తమ్మని వదినగారూ అని పిలిచేది. "మీ గోడ మంచిదే గాని అన్నయ్యగారూ, మీరు ప్రార్థన చేసుకుంటే నాకు ఒక్క ముక్క వినబడదు. వింటే నాకూ కాస్త పుణ్యం వచ్చేది కదండీ," అని నవ్వేది. ఆ మాట జీవరాజు పదిమందికి చెప్పుకున్నాడు.

వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, గోడ వెంట్రుకవాసి కదల్లేదు. రోజూ పొద్దున్న లేవగానే అతను గోడ పొడుగునా అరచెయ్యి ఆనించి నడిచేవాడు. ఒక్క మేకు కొట్టనిచ్చేవాడు కాదు. సువార్తమ్మ క్యాలెండరు తగిలించుకుంటానంటే కూడా వద్దన్నాడు.

మే నెలలో, వడగాడ్పులు కొడుతున్న ఒక మధ్యాహ్నం, భోజనానికి ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటుంటే బయట కేకలు వినబడ్డాయి. పరిగెత్తి చూస్తే రెండో నంబరు వంటింటి కిటికీలోంచి నల్లటి పొగ. దుర్గాశ్రీ పొయ్యి మీద నూనె పెట్టిందట. ఇంతలో గదిలో అత్తగారు మంచం మీంచి పడ్డ చప్పుడైతే లోపలికి పరిగెత్తింది. ఆవిణ్ణి లేపి మంచం మీదకి చేర్చేలోపల నూనె అంటుకుని, అరలో ప్లాస్టిక్ డబ్బాలు అంటుకుని, మంట హాల్లో తెరలకి పాకింది. వీధి తలుపు ఉన్నది హాల్లోనే. తను ఒక్కతే అయితే ఆ మొదటి నిమిషంలో బయటపడేదే. ఆవిణ్ణి వదల్లేక గది తలుపు మూసుకుంది.

గది కిటికీకి ఇనప ఊచల చట్రం. నలుగురు పట్టుకుని లాగినా ఊగలేదు. "సిలిండరు పేలుద్ది, వెనక్కి రండెహె!" అని ఎవరో అరిస్తే ఆ నలుగురూ వెనక్కి ఉరికారు. ఫైరింజను రైల్వే గేటు అవతల ఆగిపోయిందని కబురొచ్చింది.

జీవరాజు గునపం తీసుకుని తన ఇంట్లోకొచ్చి పడకగదిలో నిలబడ్డాడు. గోడ అవతల చప్పుడు. దేంతోనో కొడుతోంది దుర్గాశ్రీ. కేక వినబడటం లేదు. కేక వినబడకుండా ఆ గోడ చేసింది తనే. చప్పుడు మెల్లగా పలచబడుతోంది.

ఆ క్షణంలో అతని మనసులో ఏముందో తర్వాత సువార్తమ్మతో తప్ప ఎవరితోనూ చెప్పలేదు. ఆ అమ్మాయి గుర్తుకు రాకముందు గోడ గుర్తొచ్చిందట. గునపం చేతిలో ఉంది, ఎత్తితే కట్టాల్సిన మిగతా ఇరవై ఇళ్ళ పనీ పోతుంది. ఒక్క ఊపిరి పట్టినంతసేపు అలా నిలబడిపోయాడట. ఆ ఒక్క ఊపిరికి అతను జన్మంతా సిగ్గుపడ్డాడు.

"ఏవండీ!" అని సువార్తమ్మ అరిచింది.

ఎక్కడ కొట్టాలో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. నాలుగో పలకలో కరెంటు గొట్టం ఉంది. మూడో పలక, కింది వరస. గాడిలో ఉన్న సున్నితమైన చోట గునపం దించి పెకలించాడు. జాలీని కటింగ్ ప్లేయరుతో తెంపాడు. కాలి ఈడ్పు మర్చిపోయి సువార్తమ్మ పెచ్చులు రెండు చేతులా లాగి పారేసింది. పలక ఇటు ఒరిగేసరికి దానితోబాటు పొగ కూడా పడింది. ముందు పెద్దింట్లమ్మని దుప్పటిలో చుట్టి ఇవతలకి తోసింది దుర్గాశ్రీ. తర్వాత తను సగం దూరి స్పృహ తప్పితే, జీవరాజు జబ్బలు పట్టి లాగాడు. అంతా కలిపి పది నిమిషాలు పట్టలేదు.

ఇద్దరూ బతికారు. సిలిండరు పేలకముందే ఫైరింజను వచ్చి మంట ఆర్పింది. వంటింటి వైపు మధ్యగోడ మసిబారి, పైపూత రాలింది గాని మంటని ఇవతలకి రానివ్వలేదు. జీవరాజు తన వంటింట్లో చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉందంతే. పదేళ్ళ కష్టం ఆ చేతికి తెలిసింది.

కానీ జనం చూడ్డానికొచ్చింది ఆ గోడని కాదు, కన్నాన్ని. సాయంత్రం దాకా వస్తూనే ఉన్నారు. ఒకాయన పెచ్చు తీసుకుని బొటనవేలితో నలిపితే తెల్లటి పూసలు రాలాయి. "ఇది గోడా, పేలాల ఉండా?" అన్నాడు. ఆ మాట కాలనీ అంతా పాకింది.

ఆదివారం సొసైటీ మీటింగు పెట్టారు. తాతాజీగారు మొదట జీవరాజుకి శాలువా కప్పించారు. చప్పట్లు కొట్టారు. తర్వాత గొంతు సవరించుకుని, "జీవరాజూ, నువ్వు చేసింది మామూలు పని కాదు. కానీ ఒక్క గునపంతో పది నిమిషాల్లో ఊడొచ్చే గోడ... మా ఆడవాళ్ళు ఒంటరిగా పడుకోవాలి కదయ్యా," అన్నారు.

జీవరాజు శాలువాతోనే లేచాడు. "అండీ, అది ఊడింది నేను చేశాను గనక అండి. ఏ కీలు ఎక్కడుందో నాకు తెలుసు. తెలియనోడికి గంట పడుతుందండి. ఇటుక గోడకి మాత్రం దొంగలు కన్నం వెయ్యలేదా అండి? వంటింటి వైపు ఒక్కసారి చూడండి, మంట ఆగింది కదండీ..."

"చూశాంలే బాబూ," అన్నారెవరో. "మంట ఎప్పుడో వస్తుంది. దొంగాడు రోజూ వస్తాడు."

"అబ్రహాముగారి రిపోర్టు ఉందండి," అంటూ కాగితాలు తీశాడు. కొన్ని కింద పడ్డాయి. ఎవరూ వంగలేదు. అతనే ఏరుకున్నాడు.

ఇటుక గోడ కావాలనేవాళ్ళు చెయ్యెత్తమన్నారు తాతాజీగారు. ఒక్కొక్క చెయ్యీ లేచింది. రెండో వరసలో కూర్చున్న మురళీకృష్ణ తల దించుకునే ఉన్నాడు. కాసేపటికి, తల ఎత్తకుండానే, అతని చెయ్యి కూడా లేచింది.

మర్నాడు అతనే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "జీవరాజుగారూ, మీరు లేకపోతే నాకు ఇల్లే లేదండి. కాళ్ళకి దణ్ణం పెట్టమన్నా పెడతాను. కానీ నేను ఊళ్ళో ఉండనండి. రాత్రి ఎక్కడో చెరువు గట్టున పడుకుంటే ఆ కన్నమే కళ్ళకి కనబడుతుందండి. భయం. అంతే అండి."

ఆ మాటల్లో తప్పు పట్టడానికి జీవరాజుకి ఒక్కటి కూడా దొరకలేదు.

గోడలు పెట్టినవాడే తీసెయ్యాలన్నారు. రెండు జంటల్లోనూ మధ్యగోడలు అతనూ సువార్తమ్మా విప్పారు. పెట్టడానికి పన్నెండు రోజులు పట్టింది, విప్పడానికి రెండు రోజులు. దుర్గాశ్రీ అత్తగారి పక్కన నిలబడి చూస్తూ, "నన్నెవరూ అడగలేదు వదినగారూ, అడిగితే ఉంచమనేదాన్ని," అంది. పెద్దింట్లమ్మ వంకరపోయిన నోటితో ఏదో అనబోయింది. ఎవరికీ అర్థం కాలేదు. ఇల్లు ఖాళీ చేసి జీవరాజూ సువార్తమ్మా యార్డులో రేకుల షెడ్డులోకి మారారు.

ఆ ఎండాకాలమంతా అతను సరిగ్గా తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. గుడికి వెళ్ళడం మానేశాడు. పాస్టరుగారు వస్తే షెడ్డు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "దేవుడు మన చేత్తోనే మన కొంప కూల్చాడేంటే?" అని సువార్తమ్మని ఒకసారి అడిగాడు. విప్పిన పలకల్ని రొయ్యల చెరువులవాళ్ళు కాపలా గదులకని తీసుకెళ్ళారు. మెత్తటి గట్ల మీద తేలిక గోడలు బాగా కుదిరాయి. ఆ పనే మెల్లగా అతనికి తిండి పెట్టింది. ఆరడుగుల గది, ఒక మనిషి, ఒక కుక్కిమంచం.

మూడేళ్ళ తర్వాత కైకలూరు వైపు నుంచి ఒక పెద్ద చెరువుల ఆసామి వచ్చాడు. కాపలాకి రెండు కుటుంబాల్ని పెట్టాడట. "పొడుగ్గా ఒకటే వేసి, మధ్యలో నీ గోడ ఒకటి పెట్టు. రెండు కాపరాలు సరిపోతాయి. ఇలాంటివి పదిహేను కావాలి," అన్నాడు.

సువార్తమ్మ ఒరల మీంచి లేచి నిలబడింది.

జీవరాజు తల అడ్డంగా ఊపాడు. "విడివిడిగా కడతానండి, రెండేసి గదులు. మధ్యగోడ నేను పెట్టనండి."

"అదేంటయ్యా? నీ పనే అదటగా?"

"పెట్టనండి. మళ్ళీ నా చేత్తో విప్పలేనండి."

ఆసామి మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. సువార్తమ్మ కాలీడ్చుకుంటూ వెళ్ళి, తట్టలో సిమెంటు ఎత్తి, పొద్దున సగంలో ఆపిన ఒరకి మాలు కలపడం మొదలుపెట్టింది. కాసేపటికి అతనూ వెళ్ళి నీళ్ళు పోశాడు.