బెల్లం ముద్ద, కరెంటు భట్టీ

పద్నాలుగు నెలల పిల్ల రక్తంలో సీసం ఎందుకుంటుందని డాక్టరమ్మ నన్నే అడిగింది. అంతకు ముందు రెండు నెలలుగా మా సుజన తిన్నదంతా కక్కేది. కడుపు నొప్పితో మెలికలు తిరిగి ఏడ్చేది. గోడ పట్టుకుని నిలబడడం నేర్చిన పిల్ల మళ్లీ కూలబడేది. పళ్లొస్తున్నాయన్నారు ఒకరు, దిష్టన్నారు ఇంకొకరు. దిష్టి తీసీ తీసీ మా ఇంట్లో ఎండుమిరపకాయలు అయిపోయాయి. చివరికి రక్తపరీక్ష కాగితం చూసి, డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మీ ఇంట్లో ఏం పని చేస్తారమ్మా అంది. ఆ మాటతో నాకు సంగతి అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

మా అత్త సక్కుబాయి సీసం పోస్తుంది. ఛత్రినాకలో మా రెండు గదుల ఇంటి వెనక, రేకుల కింద, బొగ్గుల భట్టీ మీద ఇనుప మూకుడు పెట్టి పాత సీసం కరిగిస్తుంది. దాన్ని గరిటెతో ఇనుప అచ్చుల్లో పోస్తే చేపల వలల అంచున కట్టే గుండ్లు తయారవుతాయి. ఆ బరువు లేకపోతే వల నీళ్లలో మునగదు. మామయ్య చనిపోయిన ఏడాదే ఈ పని మొదలుపెట్టిందట. అప్పటికి మా ఆయన కొండల్‌కు ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ భట్టీ ముందు పీట వేసుకుని కూర్చుంటూనే ఉంది.

పనిలో ఆమెకు వంక పెట్టేవాళ్లు లేరు. సీసం ఎంత కాగిందో చూడడానికి పాత పేపరు ముక్క అందులో ముంచుతుంది. కాగితం గోధుమరంగుకు తిరిగితే సరిగ్గా కాగినట్టు, భగ్గుమంటే వేడి ఎక్కువైనట్టు. అచ్చులో తడి ఉంటే సీసం ఎగిరి మొహాన పడుతుందని, అచ్చును ముందు వెచ్చబెట్టి గానీ పోయదు. కొత్తల్లో అలా ఎగిరిపడ్డ మచ్చ గడ్డం మీద ఇప్పటికీ ఉంది. మనిషి కూడా ఎవరితోనూ మాట పడే రకం కాదు. నల్లా దగ్గర వరస తప్పి పెట్టిన బిందెను కాలితో పక్కకు నెట్టేస్తుంది. పెళ్లైన కొత్తలో నాకు ఆమె అంటే హడలు. తర్వాత తర్వాత కొంచెం గర్వం కూడా కలిగింది.

ఆమెకు సీసం ఇచ్చేది, గుండ్లు తీసుకునేది అఫ్జల్‌గంజ్‌లో వలల దుకాణం నడిపే ప్రహ్లాద్ సేటు. తాతల నాటి దుకాణం. నోట్లోంచి తేనె కారుతున్నట్టు మాట్లాడతాడు. సీసం పొగ ఏమీ చేయదని ఆయన మాట. అయినా సీసం బస్తా ఇచ్చిన ప్రతిసారీ కాగితంలో చుట్టి ఒక బెల్లం ముద్ద ఇస్తాడు. పొగ పీల్చినవాళ్లు బెల్లం తింటే లోపలిదంతా కడుక్కుపోతుందని, వాళ్ల తాత కూడా పనివాళ్లకు ఇలాగే ఇచ్చేవాడని చెబుతాడు. ఏమీ చేయని పొగకు బెల్లం ఎందుకని మాకెవరికీ తోచలేదు. అత్తకైతే ఆ బెల్లమంటే ప్రసాదం కిందే లెక్క. పని కాగానే ఒక ముక్క నోట్లో వేసుకునేది. మనవరాలు పాకుకుంటూ వస్తే, పాపం అది కూడా పొగ పీల్చిందని, అదే చేత్తో, ఆ నల్లటి వేళ్లతోనే, ఇంకో ముక్క దాని నోట్లో పెట్టేది. ఇదంతా రోజూ నా కళ్ల ముందే జరిగింది. పిల్ల అంటే ఎంత ప్రాణమో అని చూసి మురిసిపోయిన దాన్ని నేను.

పొగ కంటే చేతుల నుంచే పిల్ల కడుపులోకి ఎక్కువ పోయి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ఇలాగే ఉంటే పిల్ల తెలివి మీద దెబ్బ పడుతుందని, పోయిన తెలివిని ఏ మందూ తీసుకురాలేదని కూడా చెప్పింది. ఇంటికొచ్చి అత్తను అనరాని మాటలన్నాను. వాడకట్టంతా తలుపుల్లో నిలబడి విన్నది, విననీ అనుకున్నాను.

“నా బిడ్డకు విషం పెట్టినవ్ అత్తా. బెల్లంల కలిపి పెట్టినవ్.”

ఎవరి మాటా పడని మనిషి తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత వెనక్కి వెళ్లి, భట్టీలో బొగ్గుల మీద రెండు చెంబుల నీళ్లు గుమ్మరించింది. పీచుతో, సబ్బుతో వేళ్లు ఎర్రబడేదాకా రుద్దుకుంది. ఆమె ఏడుస్తోందని తెలిసినా నేను దగ్గరికి పోలేదు.

మర్నాడు పొద్దున్నే, పొగ రాని భట్టీ తెస్తానంది. పని మానడం కుదరదు, కొండల్ ఆటో ఒక్కదానితో ఇల్లు నడవదు, అది నాకూ తెలుసు. అప్పటి నుంచి మా ఇంట్లో భట్టీ ముచ్చటే. కొండల్ ఫోనులో రకరకాల భట్టీలు చూపించాడు. ప్రహ్లాద్ సేటు గ్యాసు భట్టీ కొనమన్నాడు. ఒక్కసారికి సగం బస్తా కరుగుతుంది, గుండ్లు తొందరగా అందుతాయి అన్నాడు. కొండల్‌కు కూడా అదే నచ్చింది. ఇరవై రెండేళ్లు సీసం పోసిన మనిషికి ఏం కావాలని ఒక్కడైనా అడగడే అని నాకు ఒళ్లు మండింది.

అఫ్జల్‌గంజ్‌లోనే ఇనుప సామాను దుకాణానికి ముగ్గురం పోయాం, సుజన నా చంకలో ఉంది. దుకాణం అతను కొండల్‌కు కుర్చీ వేసి, గ్యాసు భట్టీ గొప్పలన్నీ అతనికే చెప్పడం మొదలుపెట్టాడు. అత్త కాసేపు విన్నది. తర్వాత కొంగు నడుముకు దోపి, దుకాణం మధ్యలో నేల మీద కూర్చుంది.

“భయ్యా, పోసేటిది నేను. ఇటు జూసి మాట్లాడు,” అంది.

అతను ఇటు తిరగక తప్పలేదు. అత్త కూర్చున్న చోటి నుంచే ఏ భట్టీ పిడి తన చేతికి అందుతుందో చూసింది. గ్యాసుదాన్ని అసలు ముట్టుకోలేదు. దానికి మంట ఎక్కడ ఆగాలో తెలియదు, సీసం మితిమీరి కాగినప్పుడే పొగ ఎక్కువంది. చివరికి కరెంటుది ఒకటి తీయించింది. చిన్నదే, పది కిలోలు పడుతుంది. ఎంత వేడి కావాలో అంత దగ్గర ఆగేలా మీట తిప్పి పెట్టుకోవచ్చు. పైన మూత ఉంది, అడుగున చిన్న గొట్టం ఉంది. పిడి ఎత్తితే సీసం అచ్చులోకి దిగుతుంది, గరిటెతో పనిలేదు. తను పేపరుతో చూసేది ఇది మీటతో చూస్తుందని తనలో తాను అనుకున్నట్టుగా అంది. గొట్టంలో సీసం గడ్డకడితే ఎలా తీయాలి, పిడి వదిలాక కూడా బొట్లు కారుతాయా అని అడిగితే అతను లోపలికి పోయి పనివాణ్ణి పిలుచుకొచ్చాడు. ఆ రోజు అత్తను చూస్తే నా కోపం సగం దిగింది.

దాన్ని కొని ఇంటికి తెచ్చాక, డబ్బా విప్పే ముందు డాక్టరమ్మకు ఫొటో చూపిద్దామని అత్తే అంది. డాక్టరమ్మ ఓపిగ్గా చూసింది. మిషను మంచిదే, పొగ చాలా తగ్గుతుందంది. కానీ పాత సీసం తెచ్చి కుప్ప పోస్తే దాని దుమ్ము ఉంటుంది, పైన తేలే మడ్డి ఉంటుంది, పని చేసిన చీర ఉంటుంది. పిల్ల పాకే ఇంట్లో ఏ భట్టీ పెట్టినా లాభం లేదని తేల్చి చెప్పింది. అత్త ఫోను కొండల్ చేతికిచ్చి బయటికి నడిచింది.

“సీసం సేటుది. గుండ్లు సేటువి. పొగ ఒక్కటి మనదెట్లయితది?” అంది ఆటోలో కూర్చుంటూ. ఇంటికి పోయి భట్టీ డబ్బా ఎక్కించుకుని, నేరుగా ప్రహ్లాద్ సేటు దుకాణానికే పోయాం.

దుకాణం వెనక ఆయనకు గోదాము ఉంది. పెద్ద కిటికీ ఉంది, సగం ఖాళీగానే ఉంటుంది. భట్టీ అక్కడ పెట్టుకుంటానని, పొద్దున వచ్చి సాయంత్రం దాకా పోస్తానని, చీర మార్చుకునే ఇంటికి పోతానని అత్త చెప్పింది. సేటు డబ్బా మీద చెయ్యి వేసి మెచ్చుకున్నాడు. మా బాగోగులు అడిగాడు. గోదాము సంగతి మాత్రం దాటేశాడు. అత్త మళ్లీ అడిగింది. మూడోసారి అడిగేసరికి ఆయన నవ్వు పోయింది.

“అట్ల కుదరదు సక్కుబాయి. పైన మా కొడుకు విశాల్ వాళ్లుంటరు. బాబుకు తొమ్మిదో నెల, మెట్లన్నీ పాకుతుండు. సీసం పొగ చిన్నపిల్లలకు మంచిది కాదు. గింత కూడ తెల్వదా నీకు?”

దుకాణంలో బేరమాడుతున్న ఇద్దరు కూడా ఇటు తిరిగారు. ఆయన మొహాన ఉమ్మేయాలన్నంత కోపం వచ్చింది నాకు. నోరు తెరిచేలోపు అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఎప్పటిసంది తెలుసు సేటు?” అంది మెల్లగా.

“ఇందుల తెలుసుడేందమ్మా, అందరికి ఎరుకే గదా,” అన్నాడాయన, కిందికి చూస్తూ.

అత్త అప్పుడు కూడా గొంతు పెంచలేదు. ఈ రోజు నుంచి ఆయన సీసం తన గడప తొక్కదని, జాగా చూపించిన రోజే తన చెయ్యి భట్టీ మీద పడుతుందని చెప్పింది. కొండల్ డబ్బా ఎత్తుకున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, పోయిన వారం ఆయనిచ్చిన బెల్లం ముద్దను కాగితంతో సహా గల్లాపెట్టె మీద పెట్టింది.

“మీ మనుమనికి పెట్టు సేటు. అంత కడుక్కపోతది.”

సేటు దాన్ని ముట్టుకోలేదు. బెల్లం కనబడగానే నా చంకలోని సుజన అలవాటు కొద్దీ నోరు తెరిచింది.