ఖైనీ చప్పుడుకు వచ్చిన ఎలుక

అది 2018. కద్మా వైపు ఒక చిన్న పరిశోధనశాల. ఎలుకకు చదువు చెప్పిన మనిషి జంషెడ్‌పూర్ మొత్తానికి నేనొక్కణ్ణే.

కొంచెం ఎక్కువైంది. నేను బోనులు కడిగి, నీళ్లు మార్చే అటెండెంట్‌ని. చదువు చెప్పింది సుజాత మేడమ్. మా బిర్సానగర్ పిల్లే, అక్కడ పీహెచ్‌డీ చేస్తుండేది. ఎలుక మెదడులోకి ఎలక్ట్రోడ్, అంటే జుట్టంత సన్నని తీగ, దింపేవారు. పెట్టెలో వదిలి స్పీకర్లో కూత వేసేవారు. అది వినగానే ఎలుక గోడకున్న కన్నంలో మూతి పెడితే తీగలో రవ్వంత కరెంటు. దానికది మిఠాయి కన్నా తీపి. కూతకూ ఆ తీపికీ లంకె పడటమే కండిషనింగ్.

ఎలుకలకు నంబర్లే ఉండాలి. ఒకదాన్ని నేను బుజ్జోడు అనేవాణ్ణి. పెట్టె పక్కన కూర్చుని, అరచేతిలో ఖైనీ పొగాకు నలిపి, ఫట్ ఫట్‌మని దుమ్ము దులిపి "రెడీ" అంటే, పక్కగదిలోంచి మేడమ్ కూత వేసేది.

ఒకరోజు స్పీకర్ పాడైంది. అయినా బుజ్జోడు కన్నానికి పరిగెత్తాడు. మేడమ్ లేచి వచ్చింది.

"సౌండే రానేదు కదా కాకా, ఎలా ఎల్లింది?"

"నా పెంపకం అమ్మా!"

"ఆ సేతిలో ఏటి?"

"ఖైనీ."

ఆమె వంగి నా అరచెయ్యి చూసింది. "ప్రతిసారీ దులుపుతున్నావా?"

"అలవాటమ్మా."

"హే భగవాన్! ఇవి నేర్సుకున్నది నా కూత కాదు, నీ ఖైనీ!"

అక్కడే నేలమీద కూలబడింది. నెలల పని పనికిరాకుండా పోయింది. ఫెలోషిప్ ముగియవస్తోంది, కొత్త ఎలుకలతో మళ్లీ మొదలుపెట్టాలి. నామీద పెద్దసారుకు ఒక్క మాట చెప్పలేదు.

పాత ఎలుకల్ని ఉంచరు. ఇంజెక్షన్ ఇచ్చి, మెదడు తీసి, తీగ కొస ఎక్కడ ఆనిందో చూస్తారు. వాడి వంతు వచ్చిన పూట బుజ్జోడు పెట్టె మూలకు నక్కాడు. చేతికి చిక్కలేదు.

"పిలు కాకా," అంది మేడమ్, నావైపు చూడకుండా.

ఖాళీ అరచేతిని చరిచాను. పరిగెత్తుకొచ్చి, కన్నంలో మూతి పెట్టి, ఆగాడు. పట్టుకుని ఇచ్చేశాను.

ఆ రోజే ఖైనీ మానేశాను. ఇదీ అబద్ధమే. మానింది దులపడం ఒక్కటే. ఇప్పుడు దుమ్ముతో సహా నోట్లో వేసుకుంటున్నాను.

పోయేముందు నన్నొకసారి చూడటానికే బుజ్జోడు వచ్చాడని ఇక్కడ మొదట రాసుకున్నాను. మొన్న సుజాత మేడమ్‌కు చదివి వినిపించాను.

"అది నీకోసం రానేదు కాకా. కరెంటు కోసమొచ్చింది. ఇద్దరం కలిసి దాన్ని మోసం సేసినాం. అలా రాయి."