ఆఫీసరు గారి కోసం వేసిన దారి

మా ఊళ్ళో ఎవరైనా వస్తున్నారంటే ముందు వీధి ఊడుస్తారు. వచ్చేవాడు తగువు పెట్టుకోవడానికే వస్తున్న వియ్యంకుడైనా సరే, వాకిట్లో కళ్ళాపి, ముగ్గు, మంచం మీద ఉతికిన దుప్పటి, చల్లటి మజ్జిగ, ఆ తర్వాతే తగువు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఈ మర్యాద చూసి ముచ్చటపడ్డాను కూడా. డంపింగ్ యార్డు గొడవ వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది.

నర్సీపట్నం నుంచి రోలుగుంట వెళ్ళే దారిలో ఆటో దిగి, జీడితోటల పక్కగా కాస్త లోపలికి నడిస్తే మా ఊరు. నేను పొద్దున్నే నర్సీపట్నం వెళ్ళి పిల్లలకి లెక్కలు చెప్పి, సాయంత్రానికి ఇల్లు చేరుతాను. ఊరి వెనక ఏరు ఉంది. ఏరు అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ, అందులో నీళ్ళు తప్ప అన్నీ ఉంటాయి. పైనున్న ఊళ్ళ మురుగు వస్తుంది, కోడిమాంసం షాపుల ఈకలు వస్తాయి, పెళ్ళిళ్ళ సీజనులో ప్లాస్టిక్ గ్లాసులు వరసకట్టి వస్తాయి. మా ఊరి వాటా కూడా తక్కువేం కాదు. అందరం కలిసి ఎంతో శ్రద్ధగా పాడుచేసుకున్నాం.

ఆ ఏటిగట్టునే మా అత్తకి కొంచెం వరిపొలం, ఆ పొలంలో ఒక బావి ఉన్నాయి. పక్కనే ఏరు కంపు కొడుతున్నా బావి నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి. ఎందుకంటే దానికి ఊట ఏటి వైపు నుంచి రాదు, పైనున్న మెట్ట వైపు నుంచి వస్తుంది. ఊరంతా క్యాను నీళ్ళకి మరిగింది, మా ఇంటితో సహా. అత్త మాత్రం రోజూ పొలానికి వెళ్ళి ఆ నీళ్ళే బిందెతో తెచ్చుకుంటుంది. ఈ వయసులో పొలం ఎందుకమ్మా, కౌలుకి ఇచ్చెయ్ అని మా ఆయన అంటే, "పొలం కోసరం కాదురా, నీల కోసరం ఎల్తన్నాను" అంటుంది. మామ పెళ్ళయిన ఏడు తవ్వించిన బావి అది. ఆ సంగతి ఆవిడ చెప్పదు, మా ఆయన చెప్తే నాకు తెలిసింది.

పట్నం చెత్తంతా తెచ్చి పోయడానికి అధికారులకి సరిగ్గా ఆ మెట్ట మీదున్న బంజరే నచ్చింది. అక్కడ చెత్త గుట్టలు పడితే, వానాకాలం వాటి కుళ్ళు నీరు దిగేది నేరుగా అత్త బావిలోకి. కొలతలకి వచ్చిన ఉద్యోగితో నేను ఈ మాటే చెప్పాను. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఏటి వైపు చూసి, "ఏరు ఎలాగూ పాడైపోయింది కదండీ మేడమ్, ఇంక కొత్తగా పాడయ్యేదేముంది?" అన్నాడు. చిరిగిన చొక్కా ఎలాగూ చిరిగిందే కదా అని జేబు కూడా చింపేస్తారా మీ ఇంట్లో, అని అడుగుదామనుకున్నాను. గవర్నమెంటు పనిమీద వచ్చిన మనిషి కదా అని ఊరుకున్నాను. నాకూ ఈ ఊరి మర్యాద వంటబట్టింది మరి.

పాలకేంద్రం షెడ్డులో మీటింగు పెట్టారు. మా ఊరి ప్రెసిడెంటు గారే పోరాట కమిటీకి కూడా ప్రెసిడెంటు అయ్యారు. మనిషి మంచివాడే, ఎవరికి ఒంట్లో బాగులేకపోయినా తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు ఊరి పరువు. పోరాటంలో మొదటి పనిగా పెద్ద ఫ్లెక్సీ వేయించారు. దాని నిండా ఆయన నమస్కారం పెడుతున్న ఫొటో, కింద మూలకి పోస్టల్ స్టాంపంత ఏరు. ఆ ఏరు కూడా మాది కాదు, ఎక్కడో మంచుకొండల కిందిది, నీళ్ళు నీలంగా ఉన్నాయి. ఇదేంటండీ అంటే, "మన ఏరెట్టితే బాగోదు కదమ్మా టీచరుగారూ" అన్నారు.

అర్జీ రాసే పని చదువుకున్నదాన్నని నా మీద పడింది. నేనూ ఒళ్ళు దగ్గరపెట్టుకుని రాశాను. ఒకటి, ఆ స్థలానికి లారీ కాదు కదా ఎడ్లబండి పోయే దారి కూడా లేదు. రెండు, ఇప్పటికే ఏరు కంపుతో ఊరు ముక్కు మూసుకుని బతుకుతోంది. మూడు, పక్కనే తాగునీటి బావి ఉంది. లెక్కల టీచర్ని కదా, మూడూ కాదనలేని విధంగా అమర్చానని నాకు లోపల గర్వంగానే ఉంది. అర్జీ పని చేసింది కూడా. స్థలం కళ్ళారా చూసి తేలుస్తామని జిల్లా నుంచి ఒక పెద్దాఫీసరు గారు బయలుదేరుతున్నట్టు కబురొచ్చింది.

ఆయన వచ్చే ముందు రోజు బడి నుంచి వచ్చి, అత్త ఇంట్లో లేదని పొలం వైపు వెళ్ళాను. వెళ్ళి నోరు వెళ్ళబెట్టాను. ఎక్కడి నుంచో జేసీబీ తెచ్చారు. ఏటిగట్టున ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తంతా గోతిలోకి తోసి పైన ఎర్రమట్టి కప్పేశారు. గట్టు పొడవునా బ్లీచింగ్ చల్లారు, అటూ ఇటూ సున్నంతో గీతలు గీశారు. షామియానా వేసి దాని ముందు ఆడవాళ్ళు పద్మాల ముగ్గు పెడుతున్నారు. అన్నిటికంటే ముచ్చటైనది ఏమిటంటే, ఊరి చివర నుంచి మెట్ట దాకా, మా అత్త పొలం ఒక పక్కంతా చదును చేసి, లారీ కాదు, రథం తోలుకుపోవచ్చు, అంత చక్కటి దారి వేశారు. దగ్గరుండి వేయించింది ఎవరయ్యా అంటే మా ఆయన!

"దారి లేదని కదండీ అర్జీలో రాశాం?" అన్నాను ప్రెసిడెంటు గారితో. నా గొంతు నాకే కీచుగా వినబడింది.

"రాసినాం. అయితే ఆరి కారు రావాల గదమ్మా? దారి లేదని సూపించడానికైనా దారుండాల గదా!"

"నడిచి వస్తారు. నడిస్తేనే కదా తెలిసేది?"

"ఓలమ్మ! అంతలేసి ఆపీసర్ని బురదలో నడిపిస్తామేటి? ఆ కంపులో నిలబెడతామేటి? మనూరి పరువేటవుతాది?"

అత్త గట్టు మీద కూర్చుని, చదునైపోయిన తన మడినే చూస్తోంది. నువ్వెలా ఒప్పుకున్నావత్తా అంటే, "ఆపీసరొస్తన్నాడు, ఒక్క రోజుకే అన్నారమ్మా. బావి సూసి ఎల్తాడు గదా అని సరేనన్నాను" అంది. ఆవిడ ఆశంతా అదే. బావి చూస్తే చాలు, ఎవరైనా కాదంటారా అనుకుంది.

మర్నాడు నేను సెలవు పెట్టాను. ఆఫీసరు గారి కారు మా ఊరి నుంచి మెట్ట దాకా ఒక్క కుదుపు లేకుండా వచ్చింది. ఆయన దిగి నాలుగు వైపులా చూశారు. "దారి లేదని రాశారు?" అన్నారు.

"మీ కోసరమే ఏసినామండి. బేగి బేగిన ఏసీసినాం" అన్నారు ప్రెసిడెంటు గారు, మొహం వెలిగిపోతూ.

"చాలా బాగుంది. దుర్వాసన అని కూడా రాశారు?"

"రాదండి, బ్లీచింగ్ సల్లించీసినాం. మీరు భయపడకుండా పీల్సుకోండి."

ఆయన పీల్చుకున్నారు. వెంట వచ్చిన అసిస్టెంటు ఏదో రాసుకున్నాడు. నేను తల పట్టుకున్నాను. అప్పుడు ఆఫీసరు గారు బావి వైపు చూసి, "ఈ నీళ్ళు ఎవరైనా తాగుతారా?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న కోసమే మా అత్త తెల్లారగట్ల నుంచి చింతపండు పెట్టి తోమిన ఇత్తడి చెంబుతో బావి దగ్గర నిలబడి ఉంది. చెంబు నిండా నీళ్ళు ముంచుకుని, కొంగు సర్దుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది.

"ఓలమ్మో, పిన్నీ! ఆపీసరుగారికి బావినీలిస్తావేటి? ఒగ్గీ, ఒగ్గీ!" అంటూ ప్రెసిడెంటు గారు అడ్డం వచ్చి, ఐసులో పెట్టిన సీసా మూత తీసి ఆయన చేతికిచ్చారు. ఆఫీసరు గారు తాగుతూ షామియానా కిందికి చూశారు. ప్రతి కుర్చీ ముందూ ఒక సీసా. ఊరి పెద్దలందరి చేతుల్లోనూ సీసాలే. "అంటే మీరంతా తాగేది ఇవేనన్నమాట" అన్నారు.

నేను ముందుకొచ్చి, "లేదండీ, మా అత్తగారు ఈ బావి నీళ్ళే తాగుతారు" అన్నాను. "ఒక్కరేనా?" అన్నారు ఆయన. పాపం, దయగల మనిషే. "ఈ వయసులో బావి నీళ్ళెందుకమ్మా, ఆవిడకి కూడా ఒక క్యాను వేయించండి" అని నాకు సలహా ఇచ్చారు. నేను జవాబు చెప్పేలోపు శాలువా వచ్చింది, దండ వచ్చింది, చప్పట్లు మోగాయి. అందరూ అట్ట ప్లేట్లలో ఉప్మా, పెసరట్టు తిని, ఆ ప్లేట్లని అలవాటు ప్రకారం ఏట్లోకి విసిరారు. అత్త చెంబులో నీళ్ళు తనే తాగేసి, చెంబు గట్టు మీద బోర్లించింది.

స్థలం శుభ్రంగా, వాసన లేకుండా, రవాణాకు అనువుగా ఉందని, దగ్గర్లో ప్రజలు తాగే నీటి వనరు ఏదీ లేదని కొన్నాళ్ళకి తేల్చి, యార్డు అక్కడే ఖాయం చేసేశారు. పాలకేంద్రం దగ్గర ఊరు ఊరంతా అన్యాయం, కుట్ర అని గొంతులు చించుకుంది. ఈసారి ఇంకా పెద్ద ఫ్లెక్సీ వెయ్యాలని తీర్మానం చేశారు. నేను ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. దిగులుతో కాదు, కడుపుమంటతో.

"ఏల ఏడుస్తావమ్మా? బావెక్కడికీ ఎల్లిపోలేదు గదా" అంది అత్త.

"బావి ఉంటుందత్తా. నీళ్ళే పోతాయి."

ఆవిడ కొడుకు వైపు తిరిగి, "ఒరే, ఆ దారి ఎవుల బూమిలో ఏసినార్రా?" అంది.

"మన దాంట్లోనే కదమ్మా. నువ్వే సరేనన్నావు" అన్నాడు మా ఆయన, కంచంలోంచి తలెత్తకుండా.

"ఆపీసరొచ్చి ఎల్లిపోయినాడు గదా?"

"ఆఁ."

"అయితే దాని పనైపోయినట్టే."

తొలకరి పడగానే అత్త కూలీలని పెట్టి ఆ దారి తవ్వించింది. మట్టి ఇటుకలా గట్టిపడిపోయి గునపాలు దిగక, వాళ్ళు ప్రెసిడెంటు గారినీ జేసీబీనీ కలిపి తిట్టుకున్నారు. గట్టు వేయించి, దమ్ము పట్టించి, బావి నీళ్ళు పారించి ఊడ్పించింది. చెత్త లారీ మొదటిసారి వచ్చిన రోజు డ్రైవరు దిగి, తన ముందు గాలికి ఊగుతున్న వరినాటుని చూసి, జుట్టు పీక్కుని, ఎవరికో ఫోను చేసి వెనక్కి తిప్పుకుపోయాడు. రికార్డుల్లో దారి ఉంది, నేల మీద వరి ఉంది. నాకు ఎన్నాళ్ళకో కడుపునిండా నవ్వొచ్చింది. ఇక లాభం లేదని, ఆఫీసరు గారు మళ్ళీ స్వయంగా వచ్చి చూస్తారని జిల్లా నుంచి కబురు పంపారు.

ఆ ఆదివారం నేనూ అత్తా పొలంలో కలుపు తీస్తుంటే, ప్రెసిడెంటు గారు మిట్టమధ్యాహ్నం గట్ల మీద తూలుకుంటూ నడిచి వచ్చారు. చెప్పులు చేతిలో ఉన్నాయి, పంచె మోకాళ్ళ దాకా బురద. ఆయాసంతో మాట రావడం లేదు. అత్త చెంబుతో నీళ్ళిచ్చింది. గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "ఎంత తియ్యగున్నాయే పిన్నీ!" అన్నారు.

"ఈ ముక్క ఆ రోజు ఆపీసరెదురుగా అనుంటే సరిపోను గదరా నాయనా."

ఆయన మొహం చిన్నబోయింది. వేరే ఎవరైనా అయితే అక్కడితో లేచి వెళ్ళేవారు. ఆయన అసలు పని మీద వచ్చారు. "అది కాదు పిన్నీ, ఆపీసరుగారు మల్లీ వస్తన్నారు. కారెలాగొస్తాది సెప్పు? ఒక్క రోజుకి ఈ మూల కాస్త సదును సేసీనా..."

ఆ మాటకి నాకు చిర్రెత్తుకొచ్చి, చేతిలో కలుపు అలాగే పట్టుకుని లేచాను. అత్త నన్ను చేత్తో ఆపింది.

"నడిసి రమ్మను" అంది.

"ఎండలోనా? అంతలేసి ఆపీసరు..."

"నువ్వు నడిసొచ్చినావు గదా. దాహమేసింది, తాగినావు. ఆడికీ దాహమేస్తాది. సీసాలు మాత్రం తేకు నాయనా, నీలు నేనిస్తాను."

ప్రెసిడెంటు గారు తను వచ్చిన గట్టు వైపు ఒకసారి, బావి వైపు ఒకసారి చూశారు. తర్వాత ఇంకాస్త పొయ్యమని చెంబు ముందుకు చాపారు.