మంచులో ఎత్తుకున్న కొత్తపాట

మా చిన్నప్పుడు పొగమంచు దట్టంగా పడిందంటే మా పాలెంలో పొయ్యిలు వెలిగేవి కావు... ఆడవాళ్ళందరూ సముద్రపు ఒడ్డుకు పరిగెత్తేవాళ్ళు. పాడడానికి.

కోట అనే ఊరికి అవతల, సముద్రం మీద బతికే చిన్న పాలెం మాది. అరవైల మొదట్లో సంగతి. చీకట్లో వేటకు వెళ్ళిన తెప్పలు తెల్లవారేసరికి తిరిగొచ్చేవి. మంచు పడితే లోపలినుంచి ఒడ్డు కనిపించదు. డబ్బాలు మోగిద్దామంటే ఏ ఊరి డబ్బా మోత అయినా ఒకటే. అందుకని మాకొకటి, మా దక్షిణాన ఉన్న పాలేనికి ఒకటి, ఇలా ఏ పాలెం పాట ఆ పాలేనికి ఉండేది... అది విని మగవాళ్ళు తెప్పను తమ ఒడ్డుకు తిప్పుకునేవాళ్ళు.

మా పాటలు కట్టేది మా పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క. ఎండుచేపలు తిరగేస్తూ కూనిరాగం తీసేది. రాగం కుదిరాక ఆడవాళ్ళను రెండు వరసలుగా కూర్చోబెట్టేది. సన్నని గొంతులు ముందు, బరువు గొంతులు వెనక. తాను ఎత్తుకుంటే ముందు వరస అందుకోవాలి. ఆ మాట ముగిసేలోగా వెనక వరస దానిమీద ఇంకో మాట వేయాలి... అలలు ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టు ఉండేది. నేను ముందు వరసలో చివర. గొంతు పక్కకు పోతే చేతిలోని చేటతో నెత్తిన ఒకటి తగిలించేది.

ఆ ఏడు గంగమ్మ తిరునాళ్ళకని ఆమె కొత్తపాట కట్టింది. మగవాళ్ళకు ముందే తెలియకూడదని పట్టుదల. వాళ్ళు నిద్రపోయే మధ్యాహ్నాల్లో, దూరంగా సరుగుడు తోపులో నేర్పింది.

ఇంకా తిరునాళ్ళు రాకముందే ఒకరోజు తెల్లవారుజామున మంచు పడింది... పక్కన నిలబడ్డ అమ్మ చీర రంగు కూడా తెలియనంత మంచు. మా నాయన, పెద్దమ్మ కొడుకు ఒకే తెప్పలో ఉన్నారు. ఒడ్డుకు చేరగానే పెద్దమ్మ పాట ఎత్తుకుంది. ఎత్తుకున్నది కొత్తపాట. కొన్నాళ్ళుగా అందరి నోళ్ళలో నానుతున్నది అదే కదా... మాకెవరికీ అనుమానం రాలేదు.

కాసేపటికి మంచులోనుంచి "హోయ్" అని కేక వినిపించింది. నాయన గొంతే. ప్రాణం లేచొచ్చింది. ఇంకా గట్టిగా పాడాము.

రెండో కేక కొంచెం ఉత్తరంగా వినిపించింది. మూడోది ఇంకా సన్నగా... తర్వాత ఏమీ లేదు.

మాకు ఉత్తరాన ఊరేదీ లేదు, ఏటి మొగ ఉంది. ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడి ఇసుక తిన్నెల మీద అలలు విరిగి తెప్పలను బోర్లా వేసేవి. అటువైపు పోయి రానివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

"ఏమక్కా, అట్టా పోతా ఉండారేంది?" అంది అమ్మ పాట ఆపి.

"నువ్వు గమ్మునుండి పాడు. వినపడలేదేమో" అంది పెద్దమ్మ.

పాడాము. ఎంత గట్టిగా పాడితే అంత దూరమవుతున్నట్టు ఉంది.

అప్పుడు వెనకనుంచి పోలయ్య తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వేట మానేసి ఇంటిపట్టున ఉండే ముసలాయన. మంచులో మా ముఖాలు ఆయనకు కనిపించలేదు.

"ఎవురమ్మా మీరు? దక్షిణ పాలెం ఆడోళ్ళు మా ఒడ్డుకొచ్చి పాడతా ఉండారేంది? మీ ఊళ్ళో ఇసక అయిపోయిందా?" అన్నాడు వెటకారంగా.

పెద్దమ్మ చేతిలోని చేట జారి ఇసుకలో పడింది.

"ఇది మన పాటని వాళ్ళకెట్టా తెలుస్తాది..." అంది. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే.

తాము దక్షిణంగా కొట్టుకుపోయి పక్క పాలెం ముందుకు వచ్చామనుకున్నారు మావాళ్ళు. ఇల్లు చేరాలని ఉత్తరానికి తెడ్లు వేస్తున్నారు... నేరుగా మొగలోకి.

పాతపాట ఎత్తుకోబోతే పెద్దమ్మకు గొంతు పెగల్లేదు. ఎప్పుడూ శ్రుతి తప్పుతుందని తిట్లు తినే మా అమ్మే మొదలుపెట్టింది. "ఇసక పిలిచె, ఇంటికి రండో..." వరసలు లేవు, సన్న గొంతు బరువు గొంతు లేదు. అందరం నీళ్ళ అంచున ఉత్తరానికి నడుస్తూ అరిచాము. పెద్దమ్మ గొంతు ఎప్పుడు కలిసిందో నాకు తెలియదు. కలిసిందని మాత్రం తెలిసింది... మా అందరి గొంతులూ దాని కిందికి వచ్చేశాయి.

ఎంతసేపో చెప్పలేను. మొగ దగ్గర అలల హోరు వినిపించేదాకా నడిచాము. అక్కడే ఒక్కొక్క తెప్పా మంచులోనుంచి బయటపడింది. నాయన తెప్ప అందరికంటే ఆఖరున వచ్చింది. వల లేదు. తెడ్డు విరిగింది. పెద్దమ్మ కొడుకు నుదుటినుంచి రక్తం కారుతోంది. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

నాయన ఇసుకలో కూలబడి, ఊపిరి తీసుకుని మొదట అన్నమాట ఇదీ...

"వదినా, దక్షిణ పాలెమోళ్ళు ఏదో కొత్తపాట కట్టినారు. ఎంత బాగుండాదో. ఇనుకుంటా నిలిచిపోదామనిపించింది. నువ్వు కూడా అట్టాంటిది ఒకటి కట్టరాదా?"

పెద్దమ్మ తన కొడుకు నుదుటికి కొంగు అదిమిపెట్టి, "కడతాలే నాయనా" అంది. అంతే. అది తనదేనని ఆ పూట చెప్పలేదు.

ఆ తర్వాత మా పాలెంలో ఒక పద్ధతి వచ్చింది. పెద్దమ్మ ఏ కొత్తపాట కట్టినా ముందు తెప్పలు కట్టే మగవాళ్ళ దగ్గరకు వెళ్ళి పాడేది. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. "మళ్ళా ఇంకోటా" అనేవాళ్ళు. వాళ్ళు దాన్ని తిరిగి తన ముందు పాడి వినిపించేదాకా ఆమె కదిలేది కాదు. తిరునాళ్ళలో వాళ్ళను ఆశ్చర్యపరచాలన్న ముచ్చట మాత్రం ఆమెకు తీరలేదు...

ఇప్పుడు పడవలకు ఇంజన్లు వచ్చాయి. చేతిలోని ఫోనే ఒడ్డు ఎక్కడుందో చూపిస్తుంది. మంచిదే, ఏ బిడ్డా మంచులో నిలబడి అలా ఎదురుచూడనక్కర్లేదు. కానీ ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని విని, అదిగో మా ఊరు అనుకునే పాట ఇప్పుడు ఏ ఊరికైనా ఉందా... మీ ఊరికి ఉండేదా? ఒక్క ముక్క గుర్తున్నా ఇక్కడ రాయండి. చదువుకుంటాను.