నాకంటే ముందు బయలుదేరిన సంచి

పోయిన వారం మా అన్నయ్య కూతురు ఫోన్ చేసి, మొదటి ఏడాది అయిపోగానే వేరే యూనివర్సిటీకి మారిపోతున్నానని చెప్పింది. కాగితాల పని ఎలా అయిందని అడిగితే, మంచం మీద పడుకుని పుచ్చకాయ ముక్కలు తింటూ అన్నీ ఆన్‌లైన్‌లోనే పంపేశానంది. అప్పట్లో నేను అలా మారినప్పుడు నాకెన్నాళ్ళు పట్టిందని అడిగింది. ఒక ఏడాదీ ఒక సోమవారమూ అన్నాను. దానికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పేలోపు దాని పుచ్చకాయ అయిపోయింది, ఫోన్ పెట్టేసింది. అందుకని మీకు చెబుతున్నాను. మీరేమైనా తింటుంటే కాస్త నెమ్మదిగా తినండి.

మా నాన్న జగ్గయ్యపేటలో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఆయన ఉద్యోగ జీవితంలో సగం పని చేయడానికీ, మిగతా సగం బదిలీ కాకుండా చూసుకోవడానికీ సరిపోయింది. ఒక్కసారి గంట దూరంలోని వీరులపాడు వేశారు. అక్కడ గడిపిన ఎనిమిది నెలల గురించి అండమాన్ నుంచి తిరిగొచ్చినవాడిలా చెప్పేవారు. అలాంటి మనిషి కడుపున పుట్టి, నేను కోరి బదిలీ అడిగాను. ఇంటర్ అయ్యాక అందరితో పాటు నేనూ హైదరాబాద్ వైపు ఒక యూనివర్సిటీలో కంప్యూటర్లున్న బీయస్సీలో చేరాను. నేనూ కంప్యూటరూ ఏడాదిపాటు పెళ్ళిచూపుల్లోలాగా ఎదురెదురుగా కూర్చున్నాం, ఇద్దరిలో ఎవరికీ మాట పెగల్లేదు. నాకు రాళ్ళంటే ఇష్టం. సున్నపురాయి క్వారీల ఊళ్ళో పెరిగినదాన్ని, చిన్నప్పుడు నా గౌను జేబులు రాళ్ళ బరువుకే చిరిగేవి. విజయవాడ అవతల మరో యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం ఉందనీ, రెండో ఏడాదిలో చేర్చుకుంటారనీ, ఆ ఒక్క సబ్జెక్టులో మాత్రం మొదటి ఏడాది పేపర్లు రాసుకోవాలనీ తెలిసింది. నాన్నకు చెబితే, "పరీక్ష రాయమని పంపితే రాయే పరీక్ష అంటావేమే" అన్నారు. మాటలతో ఆడుకునే జబ్బు మా ఇంట్లో వంశపారంపర్యం. కానీ ఆ తర్వాత ఆయన నవ్వలేదు. ఒకచోట నిలవనిది రెండోచోట మాత్రం నిలుస్తుందా అని అమ్మతో, నాకు వినబడేలా, అనేవారు. వద్దని అనలేదు, సరేననీ అనలేదు. సంతకం పెట్టమన్నచోట పెట్టి, మళ్ళీ న్యూస్‌పేపర్ అడ్డం పెట్టుకునేవారు.

టీసీ, మార్కుల జాబితా ముందే వచ్చినా, పాత యూనివర్సిటీ ఇవ్వాల్సిన మైగ్రేషన్ సర్టిఫికెట్ మాత్రం శనివారం సాయంత్రానికి గానీ చేతికి రాలేదు. అసలు కాగితాలన్నీ చూపించి కొత్తచోట చేరడానికి సోమవారమే చివరి రోజు. అది దాటితే ఏడాది పోయినట్టే. టీసీ తీసేసుకున్నాను గనక పాతచోట ఉండను, చేరలేదు గనక కొత్తచోటా ఉండను. అమ్మ మాత్రం కాగితాలు చూడలేదు, పంచాంగం చూసింది. సోమవారం తూర్పుకు శూల, ఆ దిక్కుకు ప్రయాణం పనికిరాదు. విజయవాడ మాకు తూర్పు. రోడ్డు కాస్త దక్షిణానికి ఒరుగుతుందమ్మా అని భూగోళం చెప్పబోయాను గానీ, నా కడుపులో వచ్చే శూలకైతే మందుంది, వారశూలకు లేదు.

లేదంటే పూర్తిగా లేదని కాదు, ప్రస్థానం ఉంది. మంచి ఘడియ చూసి ప్రయాణపు సంచిని ముందుగానే గడప దాటించి, వెళ్ళే దిక్కున ఉన్న మరొకరింట్లో పెట్టడం. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే, మనిషి ఆనక ఏ రోజు కదిలినా దోషం లేదు. మాకు తూర్పు పక్క ఇల్లు ఒక అత్తయ్యగారిది. చుట్టరికం లేదు, గోడ ఒకటే కావడం వల్ల కలిసిన వరస. ఆవిడ ఒక్కరే ఉండేవారు. ఆదివారం తెల్లవారగానే అమ్మ సంచి పట్టుకెళ్ళి ఆవిడ దేవుడి గూటి కింద పెట్టి వచ్చింది. అందులో ఏం పెట్టావని నేను అడగలేదు.

సోమవారం పొద్దున ఆరింటికి తల దువ్వుకుని, సర్టిఫికెట్ల ఫైలు కోసం బీరువా తీస్తే ఫైలు లేదు. ప్రస్థానంలో ఉంది కదే అంది అమ్మ, ఉప్మాకు పోపు వేస్తూ. "ఉత్త బట్టలు పెడితే బట్టలు ఎళ్ళినట్టవుద్ది గానీ, నువ్వు ఎళ్ళినట్టెట్టా అవుద్ది?" పరుగున వెళ్తే అత్తయ్యగారింటికి తాళం. ఆవిడ ఆదివారం పొద్దున నందిగామలో మనవరాలి అన్నప్రాసనకు వెళ్ళారు. సాయంత్రానికి వచ్చేస్తారనుకున్న మనిషి రాలేదు. ఎందుకు రాలేదో అమ్మకు అప్పుడు తట్టింది. ఆదివారం పడమరకు శూల. నందిగామ నుంచి మా ఊరు రావడమంటే పడమరకే. మా అమ్మ చూసే పంచాంగమే ఆవిడా చూస్తారు. అమ్మ కంగారులో ఆవిడ ఇంటికే ఫోన్ చేసింది. రిసీవర్లో ఒక మోత, గోడ అవతల ఇంకో మోత. మోగుతోంది కదా, తీస్తారేమో ఉండండి అంది.

అప్పుడు నాన్న లేచారు. పక్కవాళ్ళ గోడకు మేకు కొట్టడానికి కూడా ఒప్పుకోని మనిషి, పచ్చడి బండ పట్టుకెళ్ళి ఆ తాళం మీద నాలుగు దెబ్బలు వేశారు. నాలుగో దెబ్బకు తాళం ఊడింది. లోపల దేవుడి గూటి కింద ముగ్గు ఉంది, పసుపు ఉంది, సంచి లేదు. విరిగిన తాళం చేతిలో తిప్పుతూ నాన్న అన్నారు. "నిన్న ఆవిడ గోడ మీదనుంచి ఏదో చెప్పింది. సంచి అంది, నందిగామ అంది. నేను పేపర్లోంచి అలాగేనమ్మా అన్నా."

తెరిచిన ఇంటికి అమ్మను కాపలా పెట్టి, నాన్నా నేనూ బస్సెక్కాం. చిల్లకల్లు దగ్గర బస్సు హైవే ఎక్కింది. అప్పుడు నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "మాట చెవిన పడిందే. మనసుకే పట్టలేదు. నువ్వెళ్ళడం ఇష్టంలేక పట్టించుకోలేదేమో, నాకే తెలీదు." నా మీద అన్ని విసుర్లు విసిరిన మనిషి నేరం తనమీద వేసుకుంటుంటే, నాకు ఒక్క చమత్కారం కూడా తోచలేదు.

నందిగామ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే అత్తయ్యగారు కనిపించారు. ఒక భుజాన నా సంచి, చేతిలో ఇడ్లీల పొట్లం. మొదటి బస్సుకే వస్తామనుకుని ఐదున్నర నుంచి నిలబడ్డారట. "ప్రస్థానం ఎంత ముందుకెళ్తే అంత మంచిది అన్నయ్యగారూ. ఎటూ తూర్పుకే పోతన్నా కదా, అమ్మాయి కంటే ఒక ఊరు ముందుంచా." నాన్న తల దించుకుని, తాళం పగలగొట్టామమ్మా అన్నారు. ఆవిడ సంచి తీసి నా భుజానికి తగిలించారు. "పోన్లెండి, తుప్పు పట్టి నాకే తెరుచుకోట్లా అది. ఇంతకీ అక్కడుందెవరు?" మా ఆవిడ అరుగు మీద కూర్చుందని నాన్న చెప్పారు. అత్తయ్యగారు తృప్తిగా తలూపి, ఇడ్లీలు చల్లారకముందే తినమని నా చేతిలో పెట్టారు.

పన్నెండు దాటాక యూనివర్సిటీ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డాం. లోపలి గుమాస్తా స్టాంపులు వేస్తుంటే నాన్న వృత్తిపరమైన ఆసక్తితో చూశారు, రెండోది కొంచెం వంకరగా పడిందని నాతో గుసగుసలాడారు. చివర్లో ఒక ఫారం బయటికొచ్చింది. బదిలీకి కారణం తండ్రో సంరక్షకుడో రాయాలట. ఆ గడి ముందు నాన్న పెన్ను ఆగింది. బదిలీలు ఆపుకోవడానికి ఆయన తన అర్జీల్లో ఎన్ని కారణాలు రాసి ఉంటారో, మోకాళ్ళ నొప్పులూ మా నాయనమ్మ ఆయాసమూ ఎన్నిసార్లు పనికొచ్చాయో నాకు తెలుసు. నా విషయంలో ఏం రాస్తారో మాత్రం తెలియదు. ఆఫీసులో రాసే గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా, "అమ్మాయికి ఇష్టం" అని రాశారు. గుమాస్తా చదివి, ఇంతేనా అన్నట్టు చూశాడు. "ఇంతేనండి" అన్నారు నాన్న, సంతకం చేస్తూ.

రాతిలో వేలెడు పొర పేరుకోవడానికి వేల ఏళ్ళు పడుతుందని ఇప్పటికీ నా భూగర్భశాస్త్రం క్లాసులో పిల్లలకు చెబుతుంటాను. మనుషులకు అంత వ్యవధి ఉండదు గనక కాబోలు, కొన్ని పొరలు ఒక్క పూటలోనే పేరుకుని, ఆ తర్వాత ఎన్నేళ్ళయినా అలాగే ఉండిపోతాయి.