మడమ కింద నాలుగు మేకులు

చెప్పులు కుట్టే ఆయన నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అనుకునేది. అబద్ధమేమీ కాదు. ఎవరి కాలికి ఆనెకాయ లేచింది, ఎవరు అరువు బూట్లతో పెళ్లిచూపులకు వెళ్లారు, అన్నీ సాయంత్రానికల్లా వీధి చివరిదాకా చేరిపోయేవి. మనసులో మాత్రం కల్మషం లేని మనిషి. ఉన్నది ఒక్కతే చెల్లెలు. ఆమె అంటే ప్రాణం, ఆమె మొగుడన్నా అంతే.

ఆ మొగుడిది రాళ్ల క్వారీలో పని. తోలుచెప్పులు అరిగినప్పుడల్లా పట్టుకొచ్చేవాడు.

"బావా, మేకు వద్దు. దారంతోనే కుట్టు."

"మేకంటే అంత భయమేంటి బావా? నీ కాలేమైనా మైనపుదా?"

"ఇనుము పడదు బావా, దురద."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

పోయిన చలికాలం ఆ దారం మూడుసార్లు తెగింది. ఆయనకు తన పనితనం మీదే చిరాకేసింది. చెల్లెలి మొగుడు తెగిన చెప్పు ఈడ్చుకుంటూ నడుస్తుంటే తన పరువు ఈడ్చుకుపోతున్నట్టే ఉండేది. మడమ కింద నాలుగు చిన్న మేకులు దించి, వాటి తలలు కనబడకుండా అడుగున పలచని తోలు అతికించాడు. ఇక రెండేళ్లు చూసుకోనక్కర్లేదని మురిసిపోయాడు. అతను అడిగితే దారమేనన్నాడు. జన్మలో ఆయన దాచిన మొదటి మాట అదే.

ఆ తోలు నెల తిరక్కుండానే అరిగిపోయింది.

ఒక మధ్యాహ్నం చెల్లెలింటి వెనక గది కప్పు ఎగిరిపోయింది. రాళ్లు పేల్చే మందు ఆ గదిలోనే, దొంగచాటుగా, అతను కలుపుతున్నాడని అప్పుడు తెలిసింది అందరికీ. గదిలో దీపం లేదు. గరిటెలు, జల్లెడ అన్నీ చెక్కవే. ఇంత జాగ్రత్త నేర్చినవాడికి, ఆ సరుకు ఇంట్లో ఉండకూడదన్న ఒక్క ముక్క తలకెక్కలేదు. మనిషి మిగల్లేదు. పెరట్లో బట్టలారేస్తున్న చెల్లెలు అతన్ని లాగబోయి చేతులు కాల్చుకుంది.

నెల తర్వాత కూడా ఆసుపత్రి మంచం మీద, కట్లు కట్టిన చేతులతో, ఆమెది ఒకటే మాట.

"ఎలా అంటుకుందో తెలీట్లేదన్నయ్యా. ఇనుము గడప దాటనిచ్చేవాడు కాదు. ఇనుము బండకు రాసుకుని చిన్న రవ్వ లేచినా కింద చిందిన మందు అంటుకుంటుందని, చెప్పుల్లో మేకు కూడా వద్దనేవాడుగా."

పాలగ్లాసు ఆమె నోటికి అందిస్తున్నవాడల్లా ఆగిపోయాడు ఆయన. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పటికీ చెప్పలేడు. చెబితే ఉన్న ఒక్క చెల్లెలూ ఇక తన మొహం చూడదేమో. గ్లాసు కింద పెట్టాడు.

"మేకులు నేనే కొట్టానమ్మా. నాలుగు. దారం ఆగట్లేదని. దురదన్నాడు కదా, కాలికి తగలకపోతే చాలనుకున్నా."

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

"మేకులెందుకు వద్దో నీకు చెప్పేస్తానని ఎన్నిసార్లన్నాడో. నేనే వద్దని ఒట్టు వేయించుకున్నా. మా అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు, ఊరంతా తెలిసిపోతుందని."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేయబోయి, ఆ మేకులు కొట్టిన చెయ్యే అని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆమే ముందుకు వంగి, తల తెచ్చి ఆ చేతికి ఆనించింది.